దేవుడు క్షమించాడు, మరి తమ్ముడికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: నాన్న పోయాక ఆస్తి అమ్మిన డబ్బులో తమ్ముడికి తప్పుడు లెక్క చూపించాను. అతని వాటాలో చాలా భాగం నేనే ఉంచేసుకున్నాను. నా మీద నమ్మకంతో కాగితాలు చదవకుండానే సంతకం పెట్టాడు. కొన్నేళ్ల తర్వాత నేను ప్రభువును తెలుసుకుని బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటినుంచి రోజూ ఈ పాపం ఒప్పుకుంటూనే ఉన్నా మనశ్శాంతి లేదు. నేను అయోగ్యుణ్ణని, సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం మానేశాను. మా అబ్బాయికి తరచూ ఒంట్లో బాగుండదు, నా పాపమే వాడికి తగిలిందేమోనని భయం. రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. దేవుడు నన్ను నిజంగా క్షమించాడా? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: సహోదరా, మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. క్షమించాడు. మొదటి యోహాను పత్రిక 1:9 చదవండి. మన పాపాలు మనం ఒప్పుకుంటే ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని ఉంది. మీరు ఎంత ఏడ్చారు, ఎన్నిసార్లు అడిగారు అన్న లెక్క అందులో లేదు. ఆ క్షమాపణ ఆయన మాట మీద, సిలువ మీద యేసు చేసిన పని మీద నిలబడి ఉంది. రోజూ అదే పాపాన్ని కొత్తగా ఒప్పుకోవడం మీకు తగ్గింపుగా అనిపిస్తుండవచ్చు. నాకు మాత్రం ఆయన ఇచ్చిన జవాబు నమ్మకపోవడంలా కనిపిస్తోంది.

మీ ఉత్తరం చదువుతుంటే ఆదికాండము 50వ అధ్యాయమే నా మనసులో మెదిలింది. అక్కడా అన్నదమ్ములే, అక్కడా తండ్రి పోయాడు. తనను అమ్మేసిన అన్నలను యోసేపు అంతకుముందే కౌగలించుకుని ఏడ్చాడు, వాళ్లకు ఉండటానికి చోటిచ్చి పోషించాడు. వాళ్ల తండ్రి యాకోబు ఐగుప్తులో (ఈజిప్టులో), యోసేపు దగ్గర, 17 సంవత్సరాలు బతికాడు. అన్నేళ్లూ ఆ అన్నలు తమ్ముడు పెట్టింది తింటూ కూడా అతని క్షమాపణను పూర్తిగా నమ్మలేదు. తండ్రి కన్నుమూయగానే, ఇప్పుడు మన మీద పగ తీర్చుకుంటాడని భయపడి అతనికి కబురు పంపారు. ఆ మాట విని యోసేపు మళ్లీ ఏడ్చాడు. ఆ కన్నీళ్లను ఒకసారి ఆలోచించండి. క్షమించినవాడి ప్రేమను ఇంకా అనుమానిస్తుంటే అతని మనసు ఎంత నొచ్చుకుంటుందో అక్కడ కనిపిస్తుంది.

అబ్బాయి గురించి మీ భయం ఈ రోజుతో వదిలేయండి. తండ్రి దోషానికి కొడుకు శిక్ష మోయడని యెహెజ్కేలు 18:20 స్పష్టంగా చెబుతోంది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు యేసు. బాబుకు కావలసింది మంచి డాక్టరు, టెన్షన్ లేని నాన్న.

మరి క్షమాపణ దొరికితే ఈ బాధ ఎందుకు పోవడం లేదు? ఎందుకంటే తమ్ముడి డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది. మీ మనస్సాక్షి ఈ విషయంలో అబద్ధం చెప్పడం లేదు. దేవునికి వ్యతిరేకంగా చేసిన పాపం ఆయన క్షమించాడు, కానీ తమ్ముడికి మీరు బాకీ పడ్డ సొమ్ము ప్రార్థనతో తీరదు. లేవీయకాండము 6వ అధ్యాయంలో, పొరుగువాణ్ణి మోసం చేసి తీసుకున్నవాడు అసలుకు అయిదవ వంతు కలిపి తిరిగి ఇవ్వాలని ఉంది, అదీ అపరాధ బలి అర్పించే రోజునే. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. అయితే లూకా 19లో వరస గమనించండి. నేను నీ ఇంట్లో ఉండాలి అని యేసు ముందు పిలిచాడు, జక్కయ్య ఇస్తానన్నది ఆ తర్వాతే. కాబట్టి క్షమాపణ కొనుక్కోవడానికి తమ్ముడి దగ్గరికి వెళ్లకండి. క్షమాపణ పొందినవాడిగా వెళ్లండి. అలా వెళ్లేవాడికి నిజం చెప్పే ధైర్యం ఉంటుంది, బేరం ఆడాల్సిన అవసరం ఉండదు.

ముందు మీ భార్యకు చెప్పండి. ఆ డబ్బు తిరిగి ఇవ్వడం ఆమె సంసారం మీద కూడా పడుతుంది, ఆమెకు కోపం రావడం న్యాయమే. తర్వాత పాత లెక్కలన్నీ బయటికి తీసి, ఎంత రావాల్సింది, ఎంత ఇచ్చారు అన్నది ఒక కాగితం మీద రాయండి. తమ్ముణ్ణి ఒంటరిగా కలిసి ఆ కాగితం చేతికివ్వండి. "అప్పుడు నా పరిస్థితి అలా ఉంది" అని మొదలుపెట్టవద్దు. "నిన్ను మోసం చేశాను" అని చెప్పండి, చాలు. మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే ఎప్పుడెప్పుడు ఎంత ఇస్తారో రాసివ్వండి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో చిక్కులుంటే లాయర్‌ని అడగండి. ఇంకో మాట గట్టిగా చెబుతాను: తమ్ముడికి చెప్పకముందు సంఘంలో దీన్ని సాక్ష్యంగా చెప్పకండి. అన్నకు దొరికిన విడుదల గురించి ఊరంతా విన్నాక తనకు జరిగిన మోసం తెలిస్తే అతనికి అది రెండో దెబ్బ.

అలాగని ఒంటరిగా మోయకండి. యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా కూడా తప్పు ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలూ తిరిగి ఇచ్చాడు. కానీ అతను వెళ్లింది "దానితో మాకేమి" అనేవాళ్ల దగ్గరికి. శిష్యుడు పేతురు యేసు ఎవరో తెలియదని బొంకి, ఏడ్చి, మళ్లీ మిగతా శిష్యుల మధ్యకే వచ్చాడు. ప్రభువు అతనితో కలిసి భోంచేసి, తన గొర్రెలను, అంటే తన ప్రజలను, అప్పగించాడు. రహస్యం కాపాడే సంఘ కాపరి గానీ పెద్దమనిషి గానీ ఉంటే అతనితో మాట్లాడి, కలిసి ప్రార్థన చేయించుకోండి. ఇంతకాలంగా నిద్ర లేదంటున్నారు కాబట్టి డాక్టర్‌నీ కలవండి. అది అవిశ్వాసం కాదు. బతకడం ఎందుకు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే మీ భార్యకో డాక్టరుకో చెప్పండి.

ప్రభురాత్రి భోజనం గురించి. పౌలు మొదటి కొరింథీయులకు 11:28లో తన్ను తాను పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు. సహోదరుడికి మీ మీద విరోధం ఉంటే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పినప్పుడు కూడా, తర్వాత తిరిగి వచ్చి అర్పించమనే చెప్పాడు. అందుకని ఈ వారంలోనే తమ్ముణ్ణి కలవండి, వచ్చే ఆరాధనలో బల్ల దగ్గరికి రండి.

తమ్ముడు కోప్పడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. "దేవుడే నన్ను క్షమించాడు, నువ్వూ క్షమించు" అని మాత్రం అనకండి. క్షమించడం అతని వంతు, దానికి అతనికి టైం కావాలి. మధ్యవర్తులను పంపి ఒత్తిడి చేయకండి. ఈలోగా అతను మాట్లాడినా మాట్లాడకపోయినా, రాసిచ్చిన వాయిదాలు మాత్రం తప్పకుండా కట్టండి.