పాత పైపుల్లో సీసం: మరిగిస్తే పోతుందా? డ్రైనేజీలో కలిశాక ఏమవుతుంది?

పాత పైపుల నీళ్లు మరిగించి తాగితే చాలా, అందులోని లోహాలు డ్రైనేజీలో పడ్డాక ఏమవుతాయి అని అడిగారు. మరిగిస్తే చాలదు. నీరు ఆవిరైపోతుంది, సీసం గిన్నెలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది.

మేము పాత ఇంట్లోకి మారినప్పుడు సింకులో నీలి ఆకుపచ్చ మరక చూసి రాగి అని కంగారుపడ్డాం. నిజానికి రాగి నయం, మరకతోనో చేదుతోనో బయటపడుతుంది. సీసానికి రంగూ రుచీ ఉండవు. గోడ దగ్గరి బూడిదరంగు పైపును తాళంచెవితో గీకితే వెండిలా మెరిసింది, అయస్కాంతం అంటలేదు, అంటే సీసమే. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

ల్యాబ్‌కి రెండు శాంపిళ్లు ఇచ్చాం. పొద్దున్నే మొదట పట్టిన నీళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు దాటాయి. కాసేపు వదిలాక పట్టినవి దాటలేదు. అంటే రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లలోనే సీసం కరుగుతోంది. ఇక రోజూ ఆ మొదటి నీళ్లు పారబోసేవాళ్లం. ఒకరోజు అమ్మ అడిగింది, "మరి ఆ విషం ఎటు పోతోందిరా?"

ఎటూ పోదు. లోహం కుళ్లదు, విడిపోయి మాయమవదు. మురుగు శుద్ధి కేంద్రంలో చాలావరకు బురదకు పట్టుకుంటుంది. ఆ బురదను ఎరువుగా చల్లే చోట మట్టిలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మిగిలింది శుద్ధి చేసిన నీళ్లతో వాగుల్లోకి వెళ్తుంది. రాగీ అంతే. తాగునీటిలో దానికి హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. చేప పిల్లలకూ నీటి పురుగులకూ అందులో నూరో వంతు కూడా ప్రమాదమే, ముఖ్యంగా నీళ్లలో కాల్షియం లాంటి లవణాలు తక్కువైతే. సీసం కరగకుండా కొన్నిచోట్ల సరఫరా నీళ్లలో ఫాస్ఫేట్ కలుపుతారు. అది పైపు లోపల పొర కడుతుంది, నిజమే. కానీ చివరికి చెరువులో నాచుకు మేత అవుతుంది!

ప్లంబర్ కనబడే ముక్క మాత్రమే మార్చి రాగి పైపు అతికిద్దామన్నాడు. ఒప్పుకోలేదు. రెండు లోహాలు కలిసిన చోట సీసం ఇంకా వేగంగా కరుగుతుంది. మొత్తం తీయించాం. సీసం టంకం ఉన్న అతుకులు, పాత ఇత్తడి కుళాయిలు కూడా వదల్లేదు. తీసిన పైపులు చెత్తలో వేయకుండా సీసం కరిగించి తిరిగి వాడే తుక్కువాళ్లకి ఇచ్చాం.

పని అయ్యాక కుళాయి మూతి దగ్గరి జాలీ విప్పి చూడండి. మా దాంట్లో టంకం రవ్వలు చిటికెడు దొరికాయి.