రెండు పెట్టెల తూటాలు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఆ రివాల్వర్ కోసం. అలాస్కాలో కీనై నదిలో సాల్మన్ చేపలు పట్టడానికి వెళ్ళిన మన గుంటూరు కుర్రాడు, అతని నడుముకి .44 మాగ్నమ్, అవతలి గట్టు మీద పెద్ద గోధుమరంగు ఎలుగుబంటి. నదిని చాలా బాగా రాశావు. ఆ నీళ్ళలో నిలబడితే ముందు పాదాలు నొప్పెట్టి, తర్వాత అసలు ఉన్నాయో లేవో తెలియకుండా పోవడం, అది అనుభవించినవాళ్ళు రాసినట్టే ఉంది. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సినిమా చూసి రాసినట్టుంది.

చిన్న తప్పులు ముందు చెప్పేస్తాను. "సేఫ్టీ తీశాడు" అన్నావు. అలాంటి రివాల్వర్లకి బొటనవేలితో తీసే సేఫ్టీ ఉండదు. కాల్చగానే ఖాళీ గుల్లలు ఎగిరి ఇసుకలో పడ్డాయన్నావు. పడవు, సిలిండర్లోనే ఉంటాయి, అంటే తూటాలు పెట్టే గదులున్న ఆ తిరిగే దిమ్మలోనే. తెరిచి కడ్డీ నొక్కితే అప్పుడు పడతాయి. మణికట్టు విసిరి సిలిండర్ మూయడం కూడా తీసెయ్. తుపాకీ సొంత డబ్బుతో కొన్నవాడెవడూ ఆ పని చెయ్యడు, ఆ కీలు వంగి పాడవుతుంది. నిన్ను వెక్కిరించడానికి చెప్పడం లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట నా కథలో ఒక జమీందారు కూడా రివాల్వర్ సేఫ్టీ తీశాడు. కథ అచ్చయిన వారానికి, రిటైరైన ఒక ఏ.ఆర్. కానిస్టేబుల్ గారి నుంచి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మీ జమీందారు ఏం తీశాడో కాస్త చెప్పగలరా?" అని ఒకటే వాక్యం. ఆ కార్డు ఇంకా నా డ్రాయర్లో ఉంది.

ఇవి ప్రూఫు చూసేవాడైనా దిద్దుతాడు. నాకు అసలు బాధ వేరే చోట. "రివాల్వర్ కొన్నాడు, ఒక పెట్టె తూటాలు కూడా కొన్నాడు" అని ఒక్క లైన్లో దాటేశావు. నీ కథ అక్కడే ఉందమ్మా. పెద్ద బోరు రివాల్వర్ నడుముకి కట్టుకుని అడవికి పోయేవాడు మామూలుగా రెండు రకాల తూటాలు కొంటాడు. సాధనకి ఒక రకం, వెంట ఉంచుకోవడానికి ఇంకో రకం. ఏది ఎన్ని కొన్నాడు, దేన్ని ఎన్నిసార్లు కాల్చాడు అని చెప్తే చాలు, మనిషి మొత్తం కనిపిస్తాడు. అతని డబ్బు, అతని భయం, అతని బద్ధకం కూడా.

ముందు మాట సరిచేసుకుందాం. మనం తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాం. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు భాగంలో గుండు, అన్నీ కలిపితే తూటా. గొట్టంలోంచి బయటికి పోయేది గుండు ఒక్కటే. ఆ గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. నీకు గ్రెయిన్ అంటే అంచనా తెలియకపోతే మీ అమ్మమ్మని తలుచుకో. 1833లో ఇంగ్లీషువాళ్ళు మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకి ఖాయం చేశారు. ఇప్పటి కొట్లలో చెప్పే పది గ్రాముల తులం కాదు, పాత తులం. మామూలు .44 మాగ్నమ్ గుండు 240 గ్రెయిన్లు, అంటే తులం మీద మరో మూడో వంతు. ఎలుగుబంట్ల కోసం వాడే బరువైనవి 300 గ్రెయిన్లు, తులం మీద మూడింట రెండు వంతులు. ఆ సీసపు ముద్ద సెకనుకి పన్నెండు వందల అడుగుల పైన వేగంతో పోతుంది. అన్నట్టు పేరులో .44 అంటే అంగుళంలో 0.44 అనాలి గానీ గుండు మందం అంగుళంలో 0.429 మాత్రమే. పేరు పెట్టినవాడికీ మనలాగే కాస్త అతిశయోక్తి ఇష్టం కాబోలు.

ఈ తూటాకి ఒక అన్నగారు ఉన్నాడు. 1907లో వచ్చిన .44 స్పెషల్. మెత్తగా కాలుతుంది, చేతిని పెద్దగా కొట్టదు. ఎల్మర్ కీత్ అని ఐడహో రాష్ట్రంలో పశువుల మంద చూసుకుంటూ తుపాకుల మీద రాస్తుండేవాడు ఒకాయన. ఉండేది సాల్మన్ అనే ఊళ్ళో, నీ కథకి కలిసొచ్చినట్టు! ఆ స్పెషల్ గుల్లలోనే సొంతంగా మందు ఎక్కువ దట్టించి ఏళ్ళ తరబడి కాల్చాడు. ఇంత బలమైన తూటా మీరే తయారుచెయ్యండి అని కంపెనీల వెంట పడ్డాడు. చివరికి 1955లో రెమింగ్టన్ తూటా, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్ తెచ్చాయి. దానికే .44 మాగ్నమ్ అని పేరు పెట్టారు. గుల్లని అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు చేశారు, పాత తుపాకుల్లో పట్టకుండా. ఎందుకంటే స్పెషల్ కంటే మాగ్నమ్ లోపలి ఒత్తిడి రెండింతలు దాటి ఉంటుంది, పాత తుపాకీ పేలి చేతిలోనే ముక్కలయ్యే ప్రమాదం.

ఆ పొడుగులోనే నీ కథకి పనికొచ్చే విషయం ఉంది. మాగ్నమ్ స్పెషల్ తుపాకీలో పట్టదు గానీ, స్పెషల్ మాగ్నమ్ తుపాకీలో హాయిగా పడుతుంది. అందుకే సాధనకి చాలామంది స్పెషలే వాడతారు. లేదా మాగ్నమ్ గుల్లలోనే మందు తగ్గించి ఇంట్లో నింపుకుంటారు. అలా నింపుకునేవాడు కాల్చాక గుల్లల్ని ఒక్కొక్కటీ ఏరుకుంటాడు, చేలో జారిన వేరుశనక్కాయలు ఏరినట్టు. పొట్టి గుల్లలు అదేపనిగా కాలిస్తే సిలిండర్ గదుల్లో వాటి మూతి ఉండే చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. శుభ్రం చెయ్యకపోతే తర్వాత పొడుగు గుల్లలు లోపలికి పోనని మొరాయిస్తాయి. నీ కుర్రాడు బద్ధకస్తుడని చెప్పడానికి నాలుగు వాక్యాలు ఖర్చుపెట్టావు. ఆ మసి ఉంగరం ఒక్కటి చాలు.

మెత్తటి తూటా దేనికి అంటావా? నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ళ కిందట యాంకరేజ్‌లో ఉండే ఒక మిత్రుడు నన్ను రేంజికి తీసుకెళ్ళాడు. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్లు. ఆ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్కటి చాలు చెవిలో నెలలపాటు రొద పెట్టడానికి. (నీ కథలో వాడు కాల్చాక నది గలగల వింటాడు. వినడు. కాసేపటి దాకా ఏమీ వినడు.) మొదటి ఆరు మాగ్నమ్‌లు నేనే కావాలని అడిగి కాల్చాను, మగతనం కదా. అరచేయి బొటనవేలి కింద చెక్కుకుపోయినట్టయింది. రెండో దఫా మావాడు నాకు కనపడకుండా సిలిండర్ నింపాడు, మధ్యమధ్యలో ఖాళీ గుల్లలు పెట్టి. మూడోసారి ట్రిగ్గర్ లాగితే టక్ మంది అంతే. పేలలేదు. కానీ గొట్టం మూతి మాత్రం నేల వైపు జానెడు వంగిపోయింది. నేనే వంచాను! రాబోయే దెబ్బకి భయపడి చెయ్యి ముందే దాన్ని అణచబోయింది. మిత్రుడు ఏమీ అనలేదు. స్పెషల్ పెట్టె నా ముందుకి జరిపాడు.

ఆ సాయంత్రం ముప్ఫై నలభై స్పెషల్ కాల్చాక చెయ్యి కుదుటపడింది. చివర్లో మావాడు ఒక సిలిండర్ నిండా తను అడవికి పట్టుకెళ్ళే రకం పెట్టి ఇచ్చాడు. తను ఎప్పుడొచ్చినా ఇంతేనట. మెత్తటివి ఎక్కువ, ముగింపుకి ఒక ఆరు అసలువి. ఆ ఆరు నేను కాలిస్తే స్పెషల్ గుండ్లు పడ్డచోట పడలేదు, అంగుళాల తేడాతో పడ్డాయి. గుండు బరువు మారినా వేగం మారినా తుపాకీ ఎగిరే తీరు మారుతుంది, గుండు తాకే చోటూ మారుతుంది. చౌక తూటాతో గురి సరిచూసుకుని ఖరీదైనది నింపుకుని బయల్దేరినవాడికి తన తుపాకీ ఎక్కడ కొడుతుందో నిజానికి తెలియదు.

ఇక వెంట ఉంచుకునే తూటా. నీ కుర్రాడు "హాలో పాయింట్" నింపాడని రాశావు. మూతిలో గుంట ఉన్న గుండు అది, తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది. పలచటి చర్మం ఉన్న జంతువుకి అది సరిపోవచ్చు. ఎలుగుబంటికి పనికిరాదు. విచ్చుకున్న గుండు లోతుకి పోదు, కొవ్వు, కండ, భుజం ఎముక దాటాలంటే లోతే ముఖ్యం. అందుకని అక్కడివాళ్ళు విచ్చుకోని గుండు వాడతారు. గట్టి సీసం మిశ్రమంతో పోత పోసింది, మూతి చదునుగా ఉంటుంది, 300 గ్రెయిన్లు, 305. హార్డ్ కాస్ట్ అంటారు. మామూలు తూటాలు పెట్టెకి యాభై వస్తే, ఇవి చాలావరకు ఇరవయ్యే వస్తాయి, ఒక్కోటీ ఖరీదు కూడా. ఆ ఇరవై అంకె గుర్తుపెట్టుకో.

తుపాకీ బరువు కూడా చూడు. పాత ఉక్కు రివాల్వర్ కిలోంబావు పైన తూగుతుంది. ఇప్పుడు స్కాండియం మిశ్రమంతో ఏడు వందల గ్రాముల రివాల్వర్లు వచ్చాయి, అదే మాగ్నమ్‌ని కాలుస్తాయి. రోజంతా మోసేవాడికి తేలికది ఇష్టం, కాల్చేవాడికి బరువుది ఇష్టం, ఇబ్బందేమిటంటే ఇద్దరూ ఒకడే. తేలికదానిలో ఇంకో చిక్కుంది. ఒకటి పేలినప్పుడు తుపాకీ వెనక్కి ఎంత గట్టిగా తంతుందంటే, మిగిలిన గదుల్లో పేలని తూటాల గుండ్లు గుల్లలోంచి కొద్దికొద్దిగా ముందుకి జారతాయి. గుల్ల మూతి గుండుని గట్టిగా నొక్కి పట్టుకోకపోతే రెండు మూడు దెబ్బలకి ఏదో ఒక గుండు సిలిండర్ దాటి ముందుకి పొడుచుకొస్తుంది. అంతే, సిలిండర్ తిరగదు. ఎలుగుబంటి ఎదురుగా ఉండగా తిరగదు! తెలిసినవాడు ముందే రేంజిలో చూసుకుంటాడు. ఆరు నింపి, అయిదు కాల్చి, ఆరోదాన్ని బయటికి తీసి పొడుగు కొలుస్తాడు. పెరిగితే ఆ రకం వద్దనుకుంటాడు. ఈ పరీక్షకి ఖరీదైన తూటాలు అయిదు ఖర్చవుతాయి. మన కుర్రాడు ఖర్చుపెడతాడా?

నువ్వు చెప్పిన మనిషైతే పెట్టడు. ఇండియాకి నెలనెలా డబ్బు పంపుతూ, కాఫీ బయట తాగడానికి ఆలోచించే మనిషి. వేసవంతా స్పెషల్ కాలుస్తాడు, కాగితం మీద గుండ్లన్నీ అర్ధరూపాయంత చోట పడేటట్టు నేర్చుకుంటాడు, ఫోటో తీసి వాట్సాప్‌లో బావమరిదికి పంపుతాడు. ఆ ఇరవై తూటాల పెట్టె మాత్రం అవసరానికని దాచుకుంటాడు, మన ఇళ్ళల్లో కొత్త దుప్పటి చుట్టాల కోసం బీరువాలో దాచినట్టు. ఇప్పుడు చూడు, ఎలుగుబంటి ఇంకా రాలేదు, కథలో టెన్షన్ వచ్చేసింది.

ఇంకో రెండు సంగతులు. అతను హెచ్-1బి మీద ఉన్నాడని రాశావు. ఆ వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనడానికే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడానికీ అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో వేట లైసెన్సు ఒకటి. కాబట్టి కొట్లోకి అడుగుపెట్టే ముందు అతను వేట లైసెన్సు తీసుకోవాలి, జన్మలో కోడిని కూడా కొయ్యనివాడు. లేదా గ్రీన్‌కార్డు ఇచ్చెయ్. నేనైతే వేట లైసెన్సే ఉంచుతాను. ఇంట్లో వాళ్ళ తాతగారికి లైసెన్సు రివాల్వర్ ఉండేదని, ప్రతి ఎన్నికలకీ దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడని రాశావు చూడు, ఆ పేరా ముట్టుకోకు. కొన్న ప్రతి తూటా లైసెన్సు మీద లెక్క రాయించుకున్న తాతకి, పెట్టెలు పెట్టెలు కొట్లో బియ్యం బస్తాల్లా పేర్చి ఉండటం చూసిన మనవడు.

రెండోది, అలాస్కా వేట, చేపల శాఖ వాళ్ళే చెప్తారు, .44 మాగ్నమ్ లాంటి పెద్ద చేతి తుపాకీ కూడా అత్యవసరంలో చాలకపోవచ్చని, ముఖ్యంగా సాధన లేని చేతిలో. పెద్ద రైఫిలో, స్లగ్ (రవ్వలకి బదులు ఒకే పెద్ద గుండు) వేసిన షాట్‌గనో నయమంటారు. చాలామంది మిరియాల స్ప్రే కూడా పెట్టుకుంటారు. ఎలుగుబంటి గంటకి యాభై కిలోమీటర్ల పైన పరుగెత్తగలదు. ముప్ఫై మీటర్ల దూరం రెండు సెకన్లు. నువ్వు రాసిన ఆరు వరుసల ఆలోచన ఆ రెండు సెకన్లలో పట్టదు, మూడు మాటలకి కుదించు. ఒకవేళ చంపాడే అనుకో, చేతులు దులుపుకుని ఇంటికి పోలేడు. ఆత్మరక్షణకి చంపినవాడే దాని తోలు ఒలిచి, గోళ్ళతో సహా, పుర్రెతో సహా శాఖకి అప్పగించి, పదిహేను రోజుల్లోగా రిపోర్టు రాసివ్వాలి. కోడిని కొయ్యనివాడు ఇంత ఎలుగుబంటి తోలు ఒలవడం! నీ ముగింపు కంటే ఇది నాకు నచ్చింది గానీ, కథ నీది.

నేను చెప్పినవన్నీ కథలో కుక్కకు. సగం నీకు తెలిసి ఉండటానికే. మసి ఉంగరం, పెట్టెలో అంకె, ఈ రెండూ ఉంచి మిగతావి నీ నోటుబుక్కులో వదిలెయ్. రాత్రి టెంటులో టార్చి వెలుగులో అతను ఆ పెట్టె మూత తీసి చూస్తాడు. తుపాకీలో ఆరు ఉన్నాయి. పెట్టెలో ఎన్ని ఉన్నాయో అంకె ఒక్కటే రాయి, పద్నాలుగు అని. ఇంకేమీ వివరించకు.

మార్చిన ప్రతి వచ్చే నెల మొదటి వారంలోగా పంపు, తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తియ్యి. నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు