టెన్స్ ప్యాడ్లు సరిగా అతుక్కోవడం లేదు, పెడితే చురుక్కుమంటున్నాయి: ఏం చేయాలి?

జడ్చర్లలో ఉంటున్న మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పికి టెన్స్ మిషన్ (చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా సన్నటి కరెంటు పంపి నొప్పిని తగ్గించే చిన్న పరికరం) వాడమని ఫిజియోథెరపిస్టు చెప్పారని, మొదట్లో హాయిగా ఉన్నా ఇప్పుడు ప్యాడ్ల అంచులు లేచిపోతున్నాయని, ఆన్ చేయగానే ఒకే చోట సూది గుచ్చినట్టు చురుక్కుమని చర్మం ఎర్రబడుతున్నదని రాశారు. పైన ప్లాస్టరు అంటించి వాడవచ్చా, మీ చిన్నమ్మకు కూడా అవే ప్యాడ్లు పెట్టవచ్చా అని కూడా అడిగారు. మా నాన్న చండూరు వైపు గుంట మగ్గం మీద నేత పని చేసిన మనిషి. ఆయన నడుము నొప్పికి మా ఇంట్లో ఈ మిషన్ కొన్నేళ్లుగా వాడుతున్నాం, ప్యాడ్లు పెట్టడం, తీయడం, దాచడం నా పనే. నేను వైద్యుడిని కాను కాబట్టి వైద్యం గురించి కాకుండా, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో పాటిస్తున్న విషయాలే చెబుతాను.

మీ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పాలంటే, ప్లాస్టరు అంటించి వాడవద్దు, ఇద్దరికీ ఒకే ప్యాడ్లు పెట్టవద్దు. చురుక్కుమంటున్నది మిషన్ పాడైనందువల్ల కాకపోవచ్చు. చాలావరకు ఇది ప్యాడు మీది జెల్ ఎండిపోవడం వల్ల వచ్చే ఇబ్బంది.

ప్యాడును ఒకసారి పక్క నుంచి చూస్తే అందులో పొరలు కనిపిస్తాయి. పైన బట్ట లేదా ఫోమ్, దాని కింద కరెంటును ప్యాడంతా పరిచే నల్లటి కార్బన్ పొర, అన్నిటికన్నా కింద చర్మానికి తగిలే జెల్ ఉంటాయి. ఆ జెల్‌లో ఉన్న నీటి తేమ, లవణాల వల్లనే కరెంటు చర్మంలోకి సమానంగా దిగుతుంది. మామూలుగా వచ్చే ప్యాడు 5 సెంటీమీటర్ల చదరం, అంటే 25 చదరపు సెంటీమీటర్లు. అంచులు లేచి, మధ్యలో జెల్ ఎండి, అందులో నాలుగో వంతు మాత్రమే చర్మానికి ఆనుతున్నదనుకోండి, అదే కరెంటు నాలుగో వంతు చోటు నుంచే దిగాలి కాబట్టి అక్కడ తాకిడి నాలుగింతలు అవుతుంది. సూది గుచ్చినట్టు అనిపించడానికి, ఎర్రటి మచ్చ పడడానికి కారణం ఇదే. అలాగే కొనసాగిస్తే చర్మం కాలే ప్రమాదం కూడా ఉన్నది. ప్లాస్టరు అంచును కిందికి నొక్కి పట్టగలదు గానీ ఎండిన జెల్‌కు తేమను తిరిగి తేలేదు. పైకి బాగా అంటుకున్నట్టు కనిపించి లోపల చురుకుతూనే ఉంటుంది కాబట్టి, నా దృష్టిలో ప్లాస్టరు వేయకపోవడం కన్నా వేయడమే ఎక్కువ ప్రమాదం.

జెల్ తొందరగా చెడిపోవడానికి పెద్ద కారణం చర్మం మీద ఉన్న నూనె, మురికి. మన ఇళ్లలో మోకాలు నొస్తే మొదట చేయి వెళ్లేది బామ్ సీసా మీదికి, లేదంటే కొబ్బరినూనె మీదికి. ఆ జిడ్డు ఒక్కసారి జెల్‌కు అంటితే ఆ ప్యాడు మళ్లీ మామూలుగా అతుక్కోదు. పైగా మంట పుట్టించే బామ్ రాసిన చోట కరెంటు పెడితే చర్మం ఇంకా ఎక్కువగా రేగుతుంది. కాబట్టి టెన్స్ పెట్టే రోజున ఆ చోట బామ్ రాయకూడదు. రాసి ఉంటే సబ్బుతో శుభ్రంగా కడగాలి. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన చిన్న చిక్కు ఒకటి ఉన్నది. మన బోరు నీళ్లు గడుసువి, వాటిలో సబ్బు సరిగా నురగ రాక తెల్లటి తెట్టులా మారి చర్మం మీదే మిగిలిపోతుంది. అందుకని సబ్బు రుద్దిన తర్వాత కొళాయికి వచ్చే భగీరథ నీళ్లతోనో, తాగే నీళ్లతోనో ఒకసారి మళ్లీ కడిగి, పొడి బట్టతో అద్ది, చర్మం పూర్తిగా ఆరిన తర్వాత ప్యాడు పెడతాం. తడి మీద పెడితే జారుతుంది, చెమట మీద పెట్టినా అంతే. ఎండాకాలంలో కాసేపు ఫ్యాను కింద కూర్చున్న తర్వాతే మొదలుపెట్టడం మంచిది. వెంట్రుకలు ఎక్కువగా ఉంటే కత్తెరతో కురచగా కత్తిరించాలి. బ్లేడుతో గీసిన వెంటనే మాత్రం పెట్టకూడదు, కంటికి కనిపించని గాట్లలో కరెంటు భగ్గుమంటుంది.

మా నాన్న విషయంలో ఇంకొక ఇబ్బంది ఉండేది. మగ్గం దిగి వచ్చిన మనిషి ఒంటి మీద నూలు ధూళి ఉంటుంది. ఒకసారి వాడిన ప్యాడును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, నిగనిగలాడుతూ ఉండాల్సిన జెల్ అంచుల పొడవునా సన్నటి నూలు పోగులు, ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు అతుక్కుని, ఆ చోట జెల్ పాలలా తెల్లబడి కనిపించింది. వేలితో నొక్కితే మధ్య భాగం వేలిని పట్టుకుంటున్నది, ఆ అంచు పట్టుకోవడం లేదు. అప్పటి నుంచి స్నానం అయిన తర్వాతే పెడుతున్నాం. మీ అమ్మగారి ప్యాడ్లను కూడా ఇలాగే వెలుతురుకు ఎత్తి, వేలితో నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఏ మూల పట్టుకోవడం లేదో అక్కడే చర్మం ఎర్రబడుతూ ఉండవచ్చు.

ఎండిన ప్యాడుకు ఒక చిన్న ఉపాయం ఉన్నది. తీసిన తర్వాత వేలి కొనను తాగే నీళ్లలో ముంచి, ఒకటి రెండు చుక్కలను జెల్ అంతటా పలుచగా రుద్ది, దాని ప్లాస్టిక్ షీటుకు అంటించి, జిప్ కవరులో పెట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు అతుకు తిరిగి వస్తుంది. నీళ్లు ఎక్కువైతే జెల్ మెత్తబడి ఊడివస్తుంది, అప్పుడు కాసేపు గాలికి ఆరబెట్టాలి. కొళాయి కింద పెట్టి కడగడం, సబ్బు లేదా స్పిరిటు రాయడం మాత్రం చేయవద్దు. నీటి చుక్క వేసినా మరుసటి రోజు చురుకుతూనే ఉంటే, జెల్ చిరిగి నల్లటి కార్బన్ పొర బయటపడితే, లేదా వైరు మొదట్లో వదులైతే ఆ ప్యాడు పని అయిపోయినట్టే. శుభ్రమైన చర్మం మీద ఒక్కరే వాడితే సుమారు 15 నుంచి 30 సార్లు వస్తుంది. మే నెల ఎండల్లో అంతకన్నా ముందే పోతుంది. ఆ రోజుల్లో జిప్ కవరును ఫ్రిజ్‌లో కింది అరలో పెడతాం, ఫ్రీజర్‌లో కాదు. వాడే ముందు బయట పెట్టి చల్లదనం తగ్గనివ్వాలి.

తీసేటప్పుడు ముందు మిషన్ ఆపాలి, ఆ తర్వాతే ప్యాడు ముట్టుకోవాలి. మిషన్ నడుస్తుండగా తీస్తే, చివరికి మిగిలిన చిన్న అంచు నుంచే మొత్తం కరెంటు దిగి ఝల్లుమంటుంది. వైరు పట్టి లాగితే లోపలి సన్నటి తీగలు తెగుతాయి. ఒక చేత్తో చర్మాన్ని ఆపి, ఇంకో చేత్తో ప్యాడు మూలను లేపి మెల్లగా ఒలిచినట్టు తీయాలి. పెద్దవాళ్ల చర్మం పలుచగా ఉంటుంది కాబట్టి ఇది చాలా ముఖ్యం.

ప్యాడ్లు ఎక్కడ పెట్టాలన్నది మీ ఫిజియోథెరపిస్టు గుర్తు పెట్టి చూపించి ఉంటారు. మోకాలికి సాధారణంగా చిప్పకు పైన రెండు పక్కలా, కింద రెండు పక్కలా పెట్టి, ఒక్కో చానల్ జత (మిషన్ నుంచి వచ్చే ఒకే వైరుకు ఉన్న రెండు ప్యాడ్లు) ఎదురెదురు మూలలకు వచ్చేలా చూస్తారు. రెండు ప్యాడ్ల మధ్య కనీసం ఒక అంగుళం ఎడం ఉండాలి, అంచులు ఒకదానికొకటి తగలకూడదు. కరెంటు గట్టిగా తెలియాలి, కానీ నొప్పి పుట్టకూడదు. దీని వెనుక ఉన్నది 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం. స్పర్శను మోసే లావు నాడులను ఉత్తేజపరిస్తే వెన్నుపాములో నొప్పి కబురు పైకి వెళ్లే దారి మూసుకుంటుందని దాని సారాంశం. స్పర్శ నాడులు బాగా మేలుకోవాలి కాబట్టి అతి తక్కువలో పెట్టుకుంటే ఫలితం ఉండదు. ఎక్కువలో పెడితే నొప్పి నాడులే రేగుతాయి. మామూలు పద్ధతిలో సెకనుకు 80 నుంచి 120 సార్ల వరకు స్పందనలు ఇస్తారు. కొద్ది నిమిషాలకు అలవాటై జివ్వుమనడం తగ్గినట్టు అనిపిస్తే కొంచెం పెంచవచ్చు. అయితే ప్యాడు ఎండినందువల్ల తగ్గిందా, అలవాటు వల్ల తగ్గిందా అన్నది గమనించకుండా మీట తిప్పుతూ పోవద్దు. ఒక మూలలో చురుకుతూ మిగతా చోట ఏమీ తెలియకపోతే అది ప్యాడు తప్పు.

ఆసుపత్రిలో చూసే నల్లటి రబ్బరు ఎలక్ట్రోడ్లు వేరు. వాటికి జెల్ విడిగా రాసి టేపుతోనో, పట్టీతోనో కట్టాలి. అక్కడ టేపు వాడడం సరైన పద్ధతే. ప్లాస్టరు ఆలోచన మీకు అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. ఆ రబ్బరు ఎలక్ట్రోడ్ల మీది జెల్‌ను మాత్రం వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి, ఎండిన జెల్ మీద కొత్తది పూయకూడదు. ఐ.ఎఫ్.టి. (ఫిజియోథెరపీలో కరెంటుతో చేసే ఇంకో రకం చికిత్స)లో వాడే స్పాంజీలను నీటితో తడిపి పెడతారు, అవి కూడా సగం ఎండితే ఇలాగే చురుకుతాయి.

ఇద్దరు వాడడం గురించి చెప్పాలంటే, తామర, పుండ్లు వంటి చర్మపు జబ్బులు జెల్ ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుతాయి. మిషన్ ఒకటే ఉండవచ్చు, వైర్లూ అవే వాడవచ్చు, ప్యాడ్లు మాత్రం ఎవరివి వారికే ఉండాలి. కవరు మీద పేరు రాసి పెట్టుకుంటే తారుమారు కావు. అంతకన్నా ముందు చిన్నమ్మ గారికి అసలు టెన్స్ పెట్టవచ్చో లేదో విడిగా అడగాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా వాడకూడదు. గొంతు ముందు భాగంలో, కళ్ల మీద, ఛాతీకి అడ్డంగా, పుండు లేదా పగిలిన చర్మం మీద, రక్తం గడ్డ కట్టిన కాలి మీద పెట్టకూడదు. గర్భిణులకైతే పొట్ట మీద గానీ, నడుము మీద గానీ పెట్టకూడదు. నిద్రపోతూ, బండి నడుపుతూ వాడకూడదు.

మన జిల్లాల వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది స్పర్శ గురించి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దవాళ్లలో కొందరికి వెన్ను బిగుసుకుపోయి, నాడులు నొక్కుకుపోయి కాళ్లు తిమ్మిర్లెక్కడం, స్పర్శ తగ్గడం ఉంటాయి. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ ఇలాగే తగ్గుతుంది. స్పర్శ లేని చోట ఎండిన ప్యాడు పెడితే చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు, మీట ఇంకా పెంచమంటారు. అందుకే ప్యాడు పెట్టే ముందు కళ్లు మూసుకోమని చెప్పి, దూది ఒకసారి, అగ్గిపుల్ల కొన ఒకసారి తాకించి ఏది మెత్తన, ఏది మొన అని అడగండి. తేడా చెప్పలేకపోతే ఆ చోట పెట్టవద్దు, వైద్యుడికి చూపించండి. మీ అమ్మగారికి షుగరు ఉన్నదో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ పరీక్ష మానవద్దు.

తీసిన తర్వాత లేత ఎరుపు కాసేపు ఉండి పోతే భయం లేదు. మరునాటికీ పోకపోయినా, దురద పెట్టినా, బొబ్బ లేచినా ఆపి చూపించాలి. కొందరికి జెల్ లేదా జిగురు పడదు, వాళ్లకు వేరే రకం ప్యాడ్లు ఇస్తారు. ఎర్రబడిన చోటే రోజూ పెట్టకుండా కొద్దిగా జరిపి పెడుతూ ఉండండి.

కొత్త ప్యాడ్లు కొనే ముందు ఒక పరీక్ష చేయండి. చురుకుతున్న ప్యాడును ఆ వైరు నుంచి తీసి, బాగున్న ప్యాడును అదే వైరుకు, అదే చోట పెట్టండి. చురుకు పోతే తప్పు ప్యాడుది. కరెంటు వస్తూ పోతూ ఉంటే వైరు మార్చి చూడండి, వైరు మొదట్లో వంగేచోట తెగడం సాధారణం. అన్నీ సరిగా ఉండి కరెంటు బలహీనంగా ఉంటే బ్యాటరీ చూడండి.

టెన్స్ నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తుందే గానీ అరిగిన కీలును బాగు చేయదు. 381 అధ్యయనాలను కలిపి 2022లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష, పెట్టుకున్నప్పుడు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుందని తేల్చింది. మరోవైపు బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి దీన్ని ఇవ్వవద్దని సూచించింది. మా నాన్నకు ఆ కాసేపటి ఉపశమనంలో వ్యాయామం చేయడం సులువవుతున్నది, అందుకే మేము కొనసాగిస్తున్నాం.

కొనేటప్పుడు పాత ప్యాడును వెంట తీసుకెళ్లండి. కొన్నిటికి పిన్ను దూరే రంధ్రం, కొన్నిటికి బొత్తాం లాంటి బిగింపు ఉంటాయి, ఒకదానికి ఒకటి పట్టవు. కవరు మీద గడువు తేదీ చూసి, సీలు చెదరనిది తీసుకోండి. చిన్న సైజు చౌకగా వస్తుందని ఎంచుకోకండి, ప్యాడు చిన్నదైతే చురుకు పెరుగుతుంది. ఒక ప్యాకెట్టు అయిపోయేదాకా రెండోది విప్పకండి, సీలు తీసిన రోజు నుంచే జెల్ ఎండడం మొదలవుతుంది.