హాస్టల్ నుంచి వచ్చిన బాబుకి దురద.. ఇప్పుడు నాకూ మొదలైంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఊరు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికెళ్తాను. హాస్టల్లో చదివే మా బాబు పండక్కి వచ్చినప్పటినుంచి రాత్రంతా గోక్కుంటున్నాడు, వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులు. మెడికల్ షాపులో ట్యూబ్ ఇచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నెల తర్వాత నాకూ చేతులకి, నడుం దగ్గర దురద. నాది జీడి వల్లే అంటున్నారు అందరూ. నిజమేనా డాక్టరు గారూ?

జవాబు: అమ్మా, చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసిందాన్నిబట్టి ఇది గజ్జి లాగే ఉంది, మేం స్కేబీస్ అంటాం. జీడి రసం అయితే మామూలుగా తగిలినచోటే మండుతుంది, నల్లబడి పొర లేస్తుంది. రాత్రి పడుకోగానే నడుం దగ్గర ఎక్కువయ్యే దురద దానిది కాదు, పైగా ఫ్యాక్టరీ మొహం చూడని పిల్లాడికి మీకంటే ముందొచ్చింది కదా.

ఇది అర మిల్లీమీటరు కూడా లేని పురుగు. ఆడది చర్మం పైపొరలో తొలుచుకుంటూ పోయి రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. బాబు మణికట్టు వెలుతురులో పట్టి చూడండి, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి వంకర గీత కనిపించొచ్చు. మొదటిసారి పట్టినప్పుడు దురద తెలియడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు, ఈలోపే పక్కలో పడుకున్నవాళ్లకి అంటేస్తుంది, అందుకే ఇంట్లో మిగతావాళ్లకి ఇప్పుడు ఏమీ లేదు అంటే లేనట్టు కాదు.

కాబట్టి దురద ఉన్నా లేకపోయినా అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము, పొక్కుల మీద మాత్రమే కాదు, మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, చంకల్లో, బొడ్డులో, మర్మాంగాల దగ్గర కూడా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున్న స్నానం చెయ్యండి. మధ్యలో చెయ్యి కడిగితే చేతికి మళ్లీ రాయాలి, దాదాపు అందరూ మర్చిపోయేది ఇదే. వారం తర్వాత ఇంకోసారి. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే ముందు డాక్టర్ని అడగండి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు షాపులో అడిగి మింగొద్దు, 15 కిలోల లోపు పిల్లలకీ గర్భిణులకీ అవి ఇవ్వం. షాపువాళ్లిచ్చిన ట్యూబ్‌లో బహుశా స్టెరాయిడ్ ఉండుంటుంది, దురద అణుగుతుంది గానీ పురుగు చావదు, ఆపేయండి. వేపాకు నీళ్లు పోసుకుంటే పోసుకోండి, దాంతో ఇది పోతుందనుకోవద్దు.

స్నానం చేసిన పొద్దున్నే మూడు రోజులుగా వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వెయ్యండి. ఉతకలేని బొంతలు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెట్టండి, ఒంటి మీద లేకపోతే ఈ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

హాస్టల్ వార్డెన్‌కి చెప్పడం మాత్రం తప్పదు. సిగ్గేం లేదు, శుభ్రం లేనివాళ్లకే వస్తుందన్నది వట్టి మాట, రోజూ స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. రూములో పిల్లలందరికీ ఒకేసారి మందు పడకపోతే మనం ఇక్కడ ఎంత చేసినా వాడు వచ్చే సెలవులకి మళ్లీ గోక్కుంటూనే వస్తాడు.

మందయ్యాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, పని చెయ్యలేదని రోజూ రాసెయ్యకండి. నెల దాటినా కొత్త పొక్కులొస్తుంటే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఇంకో మాట, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం వైపు కిడ్నీ అంటేనే గుండె ఝల్లుమంటుంది గానీ చెప్పక తప్పదు, ఇది ఆ జబ్బు కాదు, కానీ గోకిన పుండ్లు చీము పడితే ఆ ఇన్ఫెక్షన్ వల్ల కొంతమంది పిల్లలకి కిడ్నీలు వాస్తాయి. చీము కనిపిస్తే వెంటనే చూపించండి, బాబుకి మొహం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.