కాగితం వంతెనతో మొదలుపెట్టండి

ఆరేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాపతో ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఇంజనీరింగ్ తరహా పనులు ఏవి చేయించవచ్చని అడిగారు. మా పిల్లలతో చేసిన అనుభవంతో చెబుతున్నాను. వాళ్లకు తయారీ విధానం ఇవ్వకండి, ఒక సమస్య ఇవ్వండి. బొమ్మ చూసి అతికించే పని పూర్తి కాగానే ఆసక్తి కూడా తీరిపోతుంది. "ఇది బరువు మోయాలి" అని చెప్పి వదిలేస్తే సాయంత్రమంతా దాన్నే పట్టుకుని కూర్చుంటారు.

రెండు పుస్తకాల దొంతరలను 20 సెంటీమీటర్ల ఎడంగా పెట్టి, పైన ఒక ఏ4 కాగితం పరవండి. కాసిని నాణేలకే కుంగి జారిపోతుంది. అదే కాగితాన్ని పొడవునా, వేలెడు వెడల్పున విసనకర్రలా మడిచి పెడితే నాణేలు వరసగా నిలుస్తాయి. ఎందుకో వివరించే తొందర వద్దు. ప్లాస్టిక్ స్కేలు చేతికివ్వండి. పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే మొండికేస్తుంది. దూలం ఎత్తు రెట్టింపైతే దాని గట్టిదనం ఎనిమిది రెట్లవుతుందన్న లెక్క తర్వాతెప్పుడో చదువుకుంటారు, తేడా మాత్రం ఇప్పుడే వేళ్లకు తెలిసిపోతుంది.

బరువు పెంచుతూ, వంతెన ఎలా కూలుతుందో దగ్గరగా చూడమనండి. చూడాల్సింది అదే! కాగితం చిరగదు, మడతలు పక్కలకు విచ్చుకుని చదునైపోతాయి. మా పెద్దమ్మాయి అది గమనించి అడుగున ఇంకో కాగితం అతికించింది, మడతలు కదల్లేదు. అప్పుడు ఒక అట్టపెట్టె అంచు చించి చూపించాను. రెండు పొరల మధ్య అవే మడతలు. తను కనిపెట్టిందే అక్కడ కనిపించేసరికి ఇంట్లో ఉన్న ప్రతి పెట్టె అంచూ పరీక్షించింది.

ఒకసారికి ఒక్కటే మార్చాలన్న నియమం పెట్టండి: మడత వెడల్పు గానీ, దొంతరల ఎడం గానీ. ఎన్ని నాణేలు నిలిచాయో పాప రాసుకోవాలి, బాబు బొమ్మ గీస్తే చాలు.

పుల్లలను మూలల దగ్గర రబ్బరు బ్యాండ్లతో కట్టి చతురస్రం, త్రిభుజం చేయించడం బాబుకు బాగా నప్పుతుంది. తోస్తే చతురస్రం ఒరిగిపోతుంది, త్రిభుజం ఆకారం మారదు. ఐమూలగా ఇంకో పుల్ల కట్టాలన్న ఆలోచన వాడికే రానివ్వండి.

పాపకైతే సూదులు లేని కొత్త సిరంజిలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. సన్నటి గొట్టంతో కలిపి నీళ్లు నింపాలి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది కొంచెమే కదులుతుంది, కానీ ఎక్కువ బరువు ఎత్తుతుంది. గాలి బుడగ మిగిలితే నొక్కుడు మెత్తగా తగులుతుంది. గాలి నలుగుతుంది, నీరు దాదాపు నలగదు. దీనితో అట్ట క్రేను చేయవచ్చు.

మందపాటి అట్ట కోయడం మీ పని. గుండీ బ్యాటరీలతో చేసేవి మాత్రం ఇప్పుడే వద్దు. పొరపాటున మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం తీవ్రంగా కాలిపోవచ్చు.