చైనా రాకెట్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

లాంగ్ మార్చ్-3బి మీద నువ్వు రాసి పంపింది తీరిగ్గా చదివాను. తెలుగులో రాకెట్ల గురించి రాసేవాళ్లు చంద్రయాన్ ఎగిరిన వారం పుట్టుకొచ్చి, పైవారానికి కనబడకుండా పోతుంటారు. ఎవరూ అడగని చైనా రాకెట్ని పట్టుకుని నువ్వింత తవ్వావంటే నీకు పిచ్చి గట్టిగానే పట్టింది. మంచిదే. ఆ ధైర్యంతోనే నాలుగు మాటలు చెబుతున్నాను, నొచ్చుకోకు.

ముందు మొదటి పేజీ సంగతి. ఎత్తు 54.8 మీటర్లు, లేచేటప్పటి బరువు 425 టన్నులు, లావు 3.35 మీటర్లు, భూస్థిర బదిలీ కక్ష్యకు (ఉపగ్రహం భూస్థిర కక్ష్య చేరే ముందు తిరిగే మధ్యదారి) మోయగలిగింది 5.1 టన్నులు. తప్పేమీ లేదు. కానీ చదివేవాడు మూడో అంకె దగ్గరే పేజీ తిప్పేస్తాడు. అంకె వేసేముందు అది అంతే ఎందుకుందో కనుక్కో. జవాబు దొరికితే రెండూ కలిపి రాయి. దొరక్కపోతే ఆ అంకె నీ నోట్సులోనే ఉండనీ.

3.35నే తీసుకో. షీచాంగ్ ప్రయోగ కేంద్రం సిచువాన్ కొండల్లో ఉంది, సముద్రానికి బహుదూరం. 1970లలో దాన్ని కట్టినప్పుడు శత్రువుకు అందకుండా ఉండాలన్నదే మొదటి లెక్క. అక్కడికి రాకెట్ రైలెక్కి రావాలి, సొరంగాలు దాటుకుని రావాలి. రైలు దారి ఎంత లావుకు ఒప్పుకుంటే రాకెట్ అంతే లావు. లావు పెంచే వీల్లేనప్పుడు బరువెక్కువ ఎత్తాలంటే పక్కన కట్టుకోవాల్సిందే. అందుకే 1994లో ఎగిరిన లాంగ్ మార్చ్-3ఎకి 2.25 మీటర్ల లావున్న బూస్టర్లు నాలుగు తగిలిస్తే 3బి అయింది. తర్వాత రెండే తగిలిస్తే 3సి. రైలు సొరంగం దగ్గర మొదలుపెట్టి డిజైనంతా చెప్పేశాం చూడు. నువ్వు దీన్ని మూడు ఉపశీర్షికల కింద ముక్కలు చేశావు.

ఇంధనాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. బూస్టర్లలోనూ మొదటి రెండు దశల్లోనూ ఉండేది యూడీఎంహెచ్ అనే హైడ్రజీన్ జాతి ఇంధనం, దాన్ని మండించడానికి నైట్రోజన్ టెట్రాక్సైడ్. రెండూ ఒకదాన్నొకటి తాకితే చాలు, అంటుకుంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో ట్యాంకుల్లో నిల్వ ఉంటాయి. క్షిపణికి కావలసింది సరిగ్గా అదే. ఈ ఇంజన్ల వంశం డాంగ్‌ఫెంగ్-5 ఖండాంతర క్షిపణిది మరి. మూడో దశ మాత్రం వేరే లోకం: ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్, రెండు వైఎఫ్-75 ఇంజన్లు. ఒకసారి మండి ఆగి, కాసేపు తేలి, మళ్లీ రగులుకుంటాయి. ఈ రాకెట్ కష్టాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మనవాళ్లకు ఇది అర్థం కావడానికి దూరం పోనక్కర్లేదు. శ్రీహరికోట నుంచి లేచే జీఎస్‌ఎల్‌వీకీ పక్కన నాలుగు ద్రవ బూస్టర్లున్నాయి, వాటిలోనూ ఈ జాతి ఇంధనమే, పైన క్రయోజెనిక్ దశ. తేడా కూడా అక్కడే చెప్పెయ్. మన దశలు బంగాళాఖాతంలో రాలతాయి. షీచాంగ్‌వి నేల మీద, ఊళ్లున్న నేల మీద రాలతాయి. 2019 నవంబరులో బెయ్‌డౌ (చైనా దారిచూపే) ఉపగ్రహాలు మోసుకెళ్లిన 3బి బూస్టర్ ఒకటి ఇంటి మీద పడితే, ఆ శిథిలాల మధ్య నుంచి పసుపుపచ్చ పొగ లేస్తున్న వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ పొగ ఏమిటో పాఠకుడికి తెలియాలంటే ఇంధనం సంగతి ముందే చెప్పి ఉండాలి. ఏది ముందు, ఏది వెనక అన్న ఇంగితం వస్తే రచనలో సగం పని అయిపోయినట్టే.

ఇక 1996. నీ ప్రతిలో ఈ భాగం ‘వందలాది మంది మాడి మసైపోయారు’ అని మొదలవుతుంది. కొట్టెయ్. ఆ రాత్రి గురించి గట్టిగా తెలిసింది ఇది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున 3 గంటలకు 3బి మొట్టమొదటిసారి లేచింది, ఇంటెల్‌శాట్ 708 అనే సమాచార ఉపగ్రహాన్ని మోసుకుని. వేదిక వదిలీ వదలకముందే పక్కకి ఒరిగింది. 22 సెకన్లలో దగ్గర్లోని కొండవాలుకు గుద్దుకుంది. చైనా ప్రకటించిన లెక్క ప్రకారం ఆరుగురు చనిపోయారు, 57 మంది గాయపడ్డారు. తెల్లవారాక శిథిలాలు చూసిన విదేశీయుల్లో కొందరు ఆ లెక్కను నమ్మలేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి, ఎవరు ఏమన్నారో చెప్పి వదిలెయ్. ‘వందలాది’ అని రాయడానికి నీ దగ్గర ఆధారం లేదు. ‘ఆరుగురే’ అని ఒట్టేయడానికీ లేదు. చచ్చిపోయినవాళ్ల లెక్కను మన వాక్యం బిగువు కోసం వాడుకోకూడదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

అసలు నువ్వు వదిలేసిన భాగం ఆ రాకెట్ ఎందుకు ఒరిగిందన్నది. రాకెట్ లోపల గైరోస్కోపులున్న వేదిక ఒకటి ఉంటుంది. రాకెట్ ఎటు తిరిగినా అది మాత్రం తన దిక్కు మార్చుకోకూడదు. దాన్ని అలా నిలబెట్టే చట్రాలకు చిన్న మోటార్లు, ఆ మోటార్లకు కరెంటు పంపే సర్క్యూట్లు ఉంటాయి. అలాంటి ఒక సర్క్యూట్లో బంగారానికీ అల్యూమినియానికీ మధ్య ఉన్న సన్నని అతుకు చెడిపోయి, కరెంటు ఆగిపోయిందని విచారణలో తేలింది. వేదిక ఒరిగింది. కంప్యూటర్ దాన్నే నమ్మింది కాబట్టి, ఒరిగింది రాకెట్టే అనుకుని సరిదిద్దబోయింది. అంటే 425 టన్నుల ఆ యంత్రం తనకందిన ఆజ్ఞను బుద్ధిగా పాటిస్తూనే కొండ మీదికి వెళ్లింది. ఇది రాయి! మాడి మసైపోవడం కన్నా ఇదే ఎక్కువ భయపెడుతుంది.

ఆ ప్రమాదం నుంచి రాజకీయం కూడా పుట్టింది కానీ దానికి ఒక పేరా చాలు. బీమా సంస్థల కోరిక మీద అమెరికన్ నిపుణులు చైనా విచారణను సమీక్షించారు. రాకెట్‌కు పనికొచ్చేది క్షిపణికీ పనికొస్తుంది కాబట్టి, ఆ నివేదిక చైనా చేతికి పోవడంతో వాషింగ్టన్‌లో గొడవయింది. ఉపగ్రహం తయారుచేసిన లోరాల్ సంస్థ 2002లో 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని ఆ కేసు నుంచి బయటపడింది. 1999 నుంచి ఉపగ్రహాల ఎగుమతి ఆయుధాల ఎగుమతితో సమానమైపోయింది. అమెరికన్ భాగాలున్న ఉపగ్రహాలకు చైనా రాకెట్ దారి మూసుకుపోయింది. తర్వాత ఈ రాకెట్ ఎక్కినవాళ్లను చూడు: 2007లో నైజీరియా, 2008లో వెనిజులా, 2013లో బొలీవియా. మూడు ఉపగ్రహాలూ చైనాలో తయారైనవే. రాకెట్ అమ్ముడుపోవాలంటే చాలాసార్లు ఉపగ్రహం కూడా తామే కట్టివ్వాల్సి వచ్చింది.

నీ ప్రయోగాల పట్టిక నాలుగు పేజీలుంది. తీసెయ్. 1997 ఆగస్టులో ఫిలిప్పీన్స్ ఉపగ్రహం అగిలా-2తో 3బి నిలదొక్కుకుందని ఒక మాట. చంద్రుడి మీదికి చాంగె-3ని 2013లో, ఆవలివైపున దిగిన చాంగె-4ని 2018లో పంపింది ఇదేనని ఒక మాట. బెయ్‌డౌ ఉపగ్రహాలను చాలావరకు మోసింది ఈ కుటుంబమేనని ఇంకో మాట. విజయాలన్నీ ఒకేలా ఉంటే పాఠకుడికి నిద్రొస్తుంది, అది వాడి తప్పు కాదు.

బదులుగా ఇండోనేషియా కథ చెప్పు. నీ పట్టికలో అది రెండు వరసలుగా, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా పడి ఉంది. 2009 ఆగస్టు 31న 3బి అక్కడి సమాచార ఉపగ్రహం పాలపా-డిని మోసుకెళ్లింది. మూడో దశలోని ఒక ఇంజన్‌లో పంపులను తిప్పే గ్యాస్ జనరేటర్ కాలిపోవడంతో బలం చాలక, ఉపగ్రహాన్ని అనుకున్నదాని కన్నా తక్కువ ఎత్తులో వదిలేసింది. పాలపా-డి తన సొంత ఇంధనం తగలేసుకుని కక్ష్య చేరింది, ఆ మేరకు ఆయుష్షు తగ్గింది. ఏళ్లు గడిచాయి, దాని స్థానంలో ఇంకోటి కావాలి. 2020 ఏప్రిల్ 9న పాలపా-ఎన్1ని షీచాంగ్ నుంచే పంపారు. రాకెట్ మళ్లీ 3బియే. మళ్లీ మూడో దశే మొరాయించింది. ఈసారి ఉపగ్రహం దక్కనే లేదు, తిరిగి వాతావరణంలో పడి కాలిపోతున్న ముక్కలు పసిఫిక్‌లోని గువామ్ దీవి ఆకాశంలో కనిపించాయి. మధ్యలో 2017లో చైనాశాట్-9ఎని కూడా ఇదే దశ తక్కువ కక్ష్యలో వదిలిందని ఇక్కడే చేర్చు. మొదటి ప్రయోగం చెడింది నేల వదులుతూనే, తర్వాత ఇబ్బంది పెట్టినవన్నీ పైదశలో. ఆ తేడా నీ పట్టికలో నాకు కనిపించలేదు, ఈ కథలో కనిపిస్తుంది.

చివరి పేరాలో చైనాను దించెయ్యడమో ఆకాశానికెత్తడమో చేస్తే తప్ప మన పత్రికలు వేసుకోవని ఎవరో నీకు చెప్పినట్టున్నారు, రెండూ కలిపి చేశావు. దాని బదులు వెన్‌చాంగ్ తీసుకురా. హైనాన్ ద్వీపంలో సముద్రపు ఒడ్డునున్న కేంద్రం అది, రాకెట్లు ఓడెక్కి వస్తాయి కాబట్టి అక్కడి లాంగ్ మార్చ్-5 లావు 5 మీటర్లు. 3బి పని అందుకోగలిగిన లాంగ్ మార్చ్-7ఎ కూడా అక్కడి నుంచే లేస్తుంది, కిరోసిన్‌తో. దాని తొలి ప్రయోగం 2020 మార్చిలో విఫలమైంది, మరుసటి ఏడాది మార్చిలో గెలిచింది. అయినా షీచాంగ్‌లో 3బి ఎగురుతూనే ఉంది. అదెందుకో వెతికి రాయి.

రెండో ప్రతి పండగలోపు పంపు. పేజీలు ఫొటోలు తీసి కాదు, టైపు చేసి పంపు, నా కళ్లు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
అన్నయ్య