కుర్చీ ఖాళీ అయితే నింపరు, అంతే

ప్రశ్న: వైజాగ్‌లో సూపర్ మార్కెట్లలో మనమే బిల్లు చేసుకునే సెల్ఫ్ చెకౌట్ మెషీన్లు పెడుతున్నారు. క్యాషియర్ల ఉద్యోగాలు పోతాయంటారా? మీ అనుభవం చెప్పండి.

ఎవరినీ తీసెయ్యరండీ. ఈ మాట బల్ల గుద్ది చెప్తాను. ఎవరో పెళ్ళై వెళ్ళిపోతారు, ఎవరో నడుం నొప్పని మానేస్తారు. ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టరు, అంతే. చప్పుడే ఉండదు.

నాకెలా తెలుసంటారా? 1982లో బ్యాంకులో క్లర్కుగా చేరి, సర్వీసులో సగానికి పైగా క్యాష్ కౌంటర్లోనే గడిపాను. కంప్యూటర్లు వద్దని ఆ రోజుల్లో యూనియన్ జెండా పట్టుకుని అరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఏటీఎంలొచ్చాయి, మా బ్రాంచిలో ఒక్కడి ఉద్యోగమూ పోలేదు. ఉత్తినే భయపడ్డామని నవ్వుకున్నాం కూడా. నేను రిటైరైన రోజు దండ వేసి, శాలువా కప్పి, కాజూ బర్ఫీ పెట్టి పంపారు. నా సీట్లోకి మాత్రం ఎవరూ రాలేదు. మూడు కౌంటర్లుండే చోట ఇప్పుడొకటి మిగిలింది. పక్కన డబ్బులు వేసే మెషీన్, దాని మీద సగం రోజులు 'పనిచేయడం లేదు' అన్న కాగితం.

మేముండేది ఎంవీపీ కాలనీ. కూరలు రైతు బజారులో, నెల సరుకులు దగ్గర్లో ఉన్న ఒక సూపర్ మార్కెట్లో (పేరెందుకులెండి). మొన్న వరలక్ష్మీ వ్రతం ముందు రోజు వెళ్తే కౌంటర్ల దగ్గర లైన్లు బియ్యం బస్తాల దాకా ఉన్నాయి. కొత్తగా పెట్టిన నాలుగు మెషీన్ల దగ్గర ఈగ కూడా లేదు. "లక్షలు లెక్కపెట్టిన మనిషి, ఈపాటి చెయ్యలేరా?" అంది మా ఆవిడ. పౌరుషం వచ్చింది.

కందిపప్పు, మినప్పప్పు, నెయ్యి... బీప్, బీప్, బీప్. ఓస్ ఇంతేనా అనుకున్నాను. బిల్లయిన సరుకు పక్కనున్న పళ్ళెం మీద పెట్టాలి. ఆ పళ్ళెం కింద కాటా ఉంటుంది. ఏ ప్యాకెట్ ఎంత బరువుండాలో దానికి ముందే తెలుసు, తేడా వస్తే ఆగిపోతుంది. ఆ సంగతి మాకేం తెలుసు? మా ఆవిడ చేతులు నొప్పెడుతున్నాయని తన హ్యాండ్‌బ్యాగ్ దాని మీద పెట్టింది. ఎర్ర లైటు. బ్యాగ్ తీసేసినా ఎర్ర లైటే. వెనకాల ఒక కుర్రాడు చెవిలో పెట్టుకున్నవి తీసి మరీ నిట్టూర్చాడు.

అప్పుడొచ్చిందా అమ్మాయి. నిరుడంతా మూడో కౌంటర్లో కూర్చుని మాకు బిల్లు వేసిన పిల్లే. విజయనగరం వైపు నుంచి వచ్చిందట. ఇప్పుడు కుర్చీ లేదు, మెళ్ళో కార్డు వేసుకుని నాలుగు మెషీన్ల మధ్య నిలబడి ఉంటుంది. కార్డు చూపించి లైటు ఆర్పి, "బేగి కానిచ్చీండి సార్, ఇంకోటి ఆగిపోయింది" అని పరిగెత్తింది.

తర్వాత బెల్లం. పూర్ణం బూరెలకని రెండు కిలోల అనకాపల్లి బెల్లం తూకం వేయించాం. మన ఊరి గాలి సంగతి తెలిసిందేగా, శ్రావణంలో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారిపోతుంది. బెల్లం చెమర్చి కవరంతా జిగురు, ధర స్టిక్కర్ ముడతలు పడి ఉంది. మెషీన్‌కి ముందు చూపించాను, వెనక చూపించాను, తలకిందులుగా చూపించాను. ఉహూఁ. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఏమీ మాట్లాడకుండా కవరు తీసుకుని, చున్నీ కొసతో తుడిచి, బొటనవేలి గోరుతో ముడత సాగదీసి, కొంచెం ఏటవాలుగా పట్టుకుంది. బీప్. రెండు సెకన్ల పని. నాకు నా కౌంటర్ గుర్తొచ్చింది. దొంగ నోటు లైటు కింద పెట్టకముందే నా బొటనవేలికి తెలిసిపోయేది. ఎలాగని అడిగితే నేను చెప్పలేను, ఆ అమ్మాయీ చెప్పలేదు.

అసలు స్టిక్కర్ మీది ఆ బార్‌కోడ్ గీతలు పుట్టిందే క్యాషియర్ పని తేలిక చేయడానికి. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక సూపర్ మార్కెట్ కౌంటర్లో క్యాషియర్ మొదటిసారి బార్‌కోడ్‌తో అమ్మింది ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్, 67 సెంట్లు. ఇప్పుడా స్కానరే నా చేతికొచ్చింది, జీతం లేకుండా. అంతకన్నా ముందు, 1916లో అమెరికాలోనే మెంఫిస్ అనే ఊళ్ళో పిగ్లీ విగ్లీ అనే కొట్టువాడు సరుకులు మీరే తీసుకోండని అలవాటు చేశాడు. మా చిన్నప్పుడు చీటీ ఇస్తే గుమాస్తానే పొట్లాలు కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాడు. ముందు తీసుకోవడం మన పనైంది, ఇప్పుడు బిల్లు మన పనైంది. రేపు బస్తాలు కూడా దింపమంటారేమో.

పైసా తగ్గించారా అంటే అదీ లేదు. ఫోన్ నంబర్ కొట్టందే మెషీన్ ముందుకు పోదు. సంచి ఇంట్లో మర్చిపోతే దానికి వేరే డబ్బులు. ఇంత చేసి బయటికొస్తుంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన బిల్లు తీసుకుని, సంచిలోకి తొంగి చూసి, ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, బిల్లుకి కన్నం పొడిచాడు. నన్ను నమ్మి గల్లా ముందు నిలబెట్టారు కదా, మళ్ళీ ఈ సోదా ఏంటండీ?

పై దేశాల్లో వాళ్ళకి ఇది అప్పుడే మొహం మొత్తింది. ఇంగ్లండులో బూత్స్ అనే సూపర్ మార్కెట్ 2023లో తన 28 కొట్లలో రెండు తప్ప మిగతా అన్నిటిలో ఈ మెషీన్లు తీసేస్తామంది. నెదర్లాండ్స్‌లో జంబో వాళ్ళు 2019లో తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ బిల్లు వేయించుకునే కౌంటర్ పెట్టారు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం. మనకి అలాంటి కౌంటర్ సందు చివర కిరాణా కొట్టులో ఎప్పటి నుంచో ఉంది, పేరే పెట్టుకోలేదు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక, ఏటీఎం లేక, ఫోన్ సిగ్నల్ లేక కూర్చుంటే పాలప్యాకెట్లు, కొవ్వొత్తులు ఇచ్చి పుస్తకంలో రాసుకున్నది మా కొట్టాయనే. మెషీన్ అరువిస్తుందా?

ఆ అమ్మాయి సంగతి ఒకటి మిగిలింది. తర్వాతి వారం రద్దీ లేనప్పుడు అడిగాను, మూడో కౌంటర్ ఎందుకు మూసేశారని. "అక్కడికి ఏసీ గాలి రావట్లేదని చెప్పారు సార్" అంది, తనే నమ్మనట్టు. నేను బ్యాంకులో చేశానని తెలిసి, "మా తమ్ముడు బ్యాంకు క్లర్కు పరీక్షకి ప్రిపేరవుతున్నాడు సార్. క్యాష్ కౌంటర్ పనైతే కూర్చుని చేసుకోవచ్చు కదా" అంది. బాగా రాయమని చెప్పమ్మా అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు లైను ఎంత పొడుగున్నా మనిషున్న కౌంటర్లోనే నిలబడుతున్నాం. బెల్లం మాత్రం పూర్ణా మార్కెట్లో కొంటున్నాం, స్టిక్కర్ గొడవ ఉండదు.